మొదటి కేసు

గుర్తు చేసుకోమని చెప్పి డాక్టరమ్మ లోపలికి పోయింది. గుర్తు చేసుకోవడానికేముంది, మరిచిపోతే కదా! రామేశ్వరమ్మ బెంచీ అంచున కూర్చుని ఎదురుగా ఉన్న అద్దాల తలుపు వైపు చూస్తోంది. మూతికి కట్టిన గుడ్డలో తన ఊపిరి తనకే వెచ్చగా తగులుతోంది, పొద్దున తిన్న ఇడ్లీ వాసన కూడా అందులోనే తిరుగుతోంది. ఆ తలుపు వెనక, ముక్కుకు గొట్టం పెట్టుకుని, మొగుడు పుల్లన్న పడుకొని ఉన్నాడు. బెంచీ ఆ కొసన పుల్లన్న అన్న వెంకటేశు. ఇద్దరి మధ్యా ఇంకో ఇద్దరు పట్టేంత జాగా. దూరదూరంగా కూర్చోమని ఆసుపత్రి వాళ్లు చెప్పారు గానీ, చెప్పకపోయినా ఆ బావా మరదళ్లు అట్లాగే కూర్చునేవాళ్లు. ప్రొద్దుటూరు ఎండ కిటికీలోంచి వచ్చి నేల మీద పలకలాగా పడి, మెల్లగా ఆమె కాళ్ల వైపు జరుగుతోంది. అది కాళ్లను తాకే లోపల డాక్టరమ్మ వస్తుంది, మళ్లీ అదే అడుగుతుంది. పుల్లన్నకు జబ్బు అంటించిన ఆ కోళ్లు ఏ ఊరివి, ఎవరింటివి? సంతలో కొన్నామని బావ అప్పుడే చెప్పేశాడు. పాపం, ఆయన అబద్ధమాడలేదు. ఆమె ఇంట్లో ఏం చెప్పిందో అదే ఆయన ఇక్కడ చెప్పాడు. అబద్ధం ఆమెది.

అసలు పొద్దున్నే కేసు అనే మాట దగ్గర అంతా తిరగబడింది. ఈ డాక్టరమ్మ పేరు కామాక్షి, కోస్తా వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. "అమ్మా, మీ ఇంట్లో ఇంకా కేసులున్నాయా?" అని అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పడం మర్యాద కాబట్టి రామేశ్వరమ్మ చెప్పింది. "మా ఇంటాయన మీద ఒగటుండె మేడమ్, శిక్ష అయిపోయింది. మా బావ మీద రెండుండె, రాజీ అయినాయి. మా మామ మీద ఉన్నెది ఆయప్ప సచ్చిపోయినాక కొట్టేసినారు." డాక్టరమ్మ కలం ఆగిపోయింది. నేల తుడుస్తున్న ఆయా ఖమర్‌బీ గోడ వైపు తిరిగి భుజాలు కదిలిపోయేట్టు నవ్వింది. కేసు అంటే జబ్బు చేసిన మనిషి అని డాక్టరమ్మ విడమరిచి చెప్పాక కూడా రామేశ్వరమ్మకు సిగ్గేమీ అనిపించలేదు. తేడా ఏముంది? తమ ఊళ్లో కేసు అనగానే ఏవన్, అంటే మొదటి ముద్దాయి, ఎవరు అంటారు, ఈమె మొదటి కేసు ఎవరు అంటోంది. ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఎవరు పట్టుకున్నారు, ఎవరు కోశారు, ఆ పొద్దు పక్కన ఎవరెవరున్నారు. అచ్చం ఇవే మాటలు ఒకప్పుడు సీఐ అడిగాడు. ఆయన చేతిలో లాఠీ ఉండింది, ఈమె మూతికి గుడ్డ ఉంది, అంతే. ఇట్లాంటి ప్రశ్నకు తమ ఊళ్లో జవాబు ఒక్కటే. పాలు మరవని పిల్లలకు కూడా అది నోటికి వచ్చు. నేను ఆడ లేను సార్, నాకేం తెల్దు.

తెలియదనడానికి, ఆ కోళ్ల గంప బరువు ఇంకా మోచేతి మీదే ఉన్నట్టుంది మరి. పోయిన సంతనాడు, ఇక్కడే ప్రొద్దుటూరులో, పూలు అమ్మే వాళ్ల వెనక సందులో, వదినె పెద్దసుబ్బమ్మ తెచ్చి ఇచ్చింది. సొంత అన్న పెండ్లామే. అన్న చిన్నసుబ్బయ్యది పులివెందుల పక్క బోడిగుట్టపల్లె, అత్తగారి ఊరేమో మైలవరం డ్యాము కింద తుమ్మగుంటపల్లె. పెండ్లి నాటికి రెండూళ్లూ ఒకే పార్టీ. పందిట్లో ఒకే పెద్దాయన కూర్చుని అక్షింతలు వేశాడు. తర్వాత ఎలచ్చను టికెట్టు దగ్గర పైన ఇద్దరు పెద్దలు చెడ్డారు, కింద ఊళ్లు చెడ్డాయి, ఆమె ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. పుట్టింటికి పోవద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు. అమ్మ చనిపోయినప్పుడు కూడా పోలేదు, కబురు కర్మాంతరం అయ్యాక వచ్చింది. ఆ పొద్దు గొర్రెల దొడ్డిలో దూరి గొర్రెపిల్ల మెడ పట్టుకుని ఏడ్చింది, ఇంట్లో ఏడిస్తే ఎందుకని అడుగుతారు కదా. అయితే ప్రొద్దుటూరు మాత్రం ఎవరి అబ్బ సొమ్మూ కాదు. బంగారు అంగట్లో, చీరల అంగట్లో, గాజుల బండి దగ్గర అటు పార్టీ ఆడవాళ్లూ ఇటు పార్టీ ఆడవాళ్లూ భుజాలు రాసుకుని నడుస్తారు, బేరాలాడతారు, ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడతారు. అందుకే వదినా మరదళ్లు అక్కడ కలిసేది. నెలకో రెండు నెలలకో ఒకసారి, ఒక మూర పూలు కొనుక్కునేంత సేపు.

ఆ పొద్దు వదినె గంప మీద చీరకొంగు కప్పుకుని వచ్చింది. "మా ఊర్లో కోళ్లకు తెగులు తగిల్లే రామేశ్వరీ. పొద్దన బాగుండేది మాపుకు తల వాలేస్తాంది. ఈ పుంజూ పెట్టా ఇంగా బాగుండాయి. నీకాడ పాలుకు పెట్టుకో. బతికితే పిల్లలు చెరి సగం" అని గంప చేతిలో పెట్టింది. ఎవరైనా చేసేదే అది. ఊళ్లో తెగులు పడితే వాలిపోయినవాటిని పారేసి, బాగున్నవాటిని తెగులు లేని ఊళ్లో చుట్టాలింటికి దాటిస్తారు. అమ్మ అట్లా చేసేది, అమ్మమ్మా అట్లాగే చేసేది. ఇల్లు కాలుతుంటే విత్తనాలు బయటికి తెచ్చుకోమా? పొద్దున డాక్టరమ్మ ఏమన్నదంటే, సరిగ్గా అట్లాగే ఈ కోళ్ల జబ్బు ఊరు మారుతుందట. బాగున్నట్టు కనిపించే కోడిలో కూడా ఉంటుందట, రెట్టలో, సొంగలో, ఈకల్లో, చివరికి అది పడుకున్న గంపలో కూడా. డ్యాము నీళ్ల మీద వాలే కొత్త పిట్టలున్నాయా మీ వైపు అని కూడా అడిగింది. ఎందుకు లేవు, చలి మొదలవగానే మైలవరం నీళ్ల మీద బాతులు, ఇంకా పేరు తెలియనివి, వేలకు వేలు వాల్తాయి. వాటిలో కొన్నింటికి ఏమీ కాదట, అవి మోసుకొచ్చి నీళ్లలో వదిలిపోతే మన కోళ్లకు అంటుకుంటుందట. ఎక్కడి దేశం పిట్టలో, వాటిని ఏ ఊరని అడిగేవాడు లేడు. మనుషులనే అడుగుతారు.

వదినె పోతూ పోతూ ఇంకో మాటన్నది. పాపకు రాత్రి నుంచి ఒళ్లు కాలుతోందని. పాపంటే ఓబులమ్మ, అన్న కూతురు, ఆరేండ్లది, అమ్మ పేరే పెట్టుకున్నారు. రామేశ్వరమ్మ ఆ పిల్లను చూసింది రెండుసార్లు, రెండుసార్లూ ఈ పూలసందులోనే. ముందు పళ్లు ఊడి, సందులోంచి నాలుక బయటపెట్టి నవ్వుతుంది. ఆ పుంజును ఒళ్లో పెట్టుకుని తిరిగేది ఆ పిల్లేనట, దాని ముక్కు తుడిచేదట, తన తట్టలో సంగటి దానికీ పెట్టేదట, ఇచ్చి పంపుతుంటే కింద పడి పొర్లాడి ఏడ్చిందట. "పిల్లోళ్లకు జరాలు రాకుండా ఉంటాయా, ఆర్‌ఎంపీ సూది ఏసినాడులే" అని వదినె నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ప్రేమగా ఇచ్చింది, ప్రేమగా తెచ్చుకుంది, ఇద్దరూ కలిసి ఆ జబ్బును చేతులు మార్చారు.

ఇంటికి తెచ్చాక పెట్ట బాగానే గింజలు తిన్నది. పుంజు రెండు పూటలు బాగుండి తర్వాత ముడుచుకుంది. జుట్టు నేరేడు పండు రంగుకు తిరిగింది, కండ్లు వాచాయి. చచ్చేదాకా చూస్తూ కూర్చుంటారా ఎవరైనా? పడిపోకముందే కోసెయ్యమని ఆమే అన్నది. పుల్లన్న కత్తి తెచ్చాడు. ఆ పొద్దు వెంకటేశు సర్పంచి ఎలచ్చన్ల మాట మాట్లాడాలని వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పుంజు కొట్టుకుంటుంటే "కాళ్లు పట్టుకోన్నా" అన్నాడు పుల్లన్న. వెంకటేశు లుంగీ ఎగగట్టి కాళ్లు పట్టుకున్నాడు. ఆమె పొయ్యి మీద నీళ్లు మరగబెట్టింది. ఈకలు పీకింది పుల్లన్న, మంట మీద కాల్చింది పుల్లన్న, కడుపు కోసి పేగులు తీసింది పుల్లన్న. సంగటి, పులుసు అందరూ తిన్నారు. ఉడికిన కూరతో రాదమ్మా, కోసేటప్పుడూ పీకేటప్పుడూ వస్తుంది అన్నది డాక్టరమ్మ. అంటే అందరూ తిన్నదాంట్లో దోషం లేదు, ఒక్కడు చేసిన పనిలోనే ఉంది. పుల్లన్న రాత ఎప్పుడూ ఇంతే.

కాళ్లు పట్టుకోన్నా. ఆ మాట చెవిలో పడినప్పుడు ఆమె చేతిలో చెంబు జారింది, నీళ్లు కాలి మీద చిందాయి. ఎందుకో ఎవరూ అడగలేదు. చాలా ఏండ్ల కిందట ఒక ఎండాకాలం, మిద్దె మీద ఎండుమిరపకాయలు తిరగేస్తూ ఉండింది. జమ్మలమడుగు దారిలో, చిన్న వంతెన మోరీ దగ్గర నలుగురు మనుషులు, మూతులకు తువ్వాళ్లు. కింద ఒక మనిషి. తువ్వాలు కట్టుకున్నా నడక దాగుతుందా, నిలబడే తీరు దాగుతుందా? కత్తి ఎవరిదో కనిపించలేదు. కాళ్లు పట్టుకున్నది ఎవరో మాత్రం కనిపించింది. ఆమె మిరపకాయలను అట్లాగే వదిలేసి కిందికి దిగి, రోట్లో కారం దంచడం మొదలుపెట్టింది. ఘాటుకు కండ్లలో నీళ్లు కారుతుంటే మంచిదే అనుకుంది, ఎవరైనా వస్తే కారమని చెప్పొచ్చు. సీఐ వచ్చి అడిగాడు. నేను రోలు కాడ ఉన్న్యా సార్, నాకేం తెల్దు. ఊరు ఊరంతా ఆ పొద్దు ఏదో ఒక రోలు దగ్గరే ఉన్నారు. ఒక్కరూ మోరీ వైపు చూడలేదు.

ఆ దినం పుల్లన్న పెన్న అవతల గొర్రెలు మేపుతున్నాడు. ఊళ్లోనే లేడు. అయినా ఏవన్ అతనే అయ్యాడు. వెంకటేశుకు పిల్లలు చిన్నవాళ్లు, పుల్లన్నకు ఇంకా పిల్లల్లేరు కదా, కేసు మీదేసుకోనీ అని తమ పార్టీ పెద్దాయన అన్నాడట. భుజం మీద తువ్వాలు వేసుకున్నంత తేలిగ్గా అంటారు ఆ మాట, కేసు మీదేసుకోవడమని. చంపినవాడు ఇంట్లో ఉంటాడు, చంపనివాడు పోయి నేనే అని నిలబడతాడు. అది ఆ ఊళ్లల్లో మర్యాద, నమ్మకం, చుట్టరికం, ఇంకా ఏమేమో. పుల్లన్న గొర్రెలను ఆమెకు అప్పజెప్పి, "సూడుమే, కుంటిదాన్ని ఎనక ఇడిసిపెట్టగాకు" అని మాత్రం చెప్పి కడప జైలుకు పోయాడు. తిరిగొచ్చేసరికి మీసం నెరిసింది. జైలు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, ఆమె కెలికిన సంగటి ఉండ కట్టిందని, "జైల్లోనే మేలే, మెత్తగుంటాంది" అన్నాడు. ఆ మాటకు ఆమె గరిటె విసిరింది. అతను పడీపడీ నవ్వాడు. పిల్లలు తర్వాత కూడా పుట్టలేదు. తాను చూసిన సంగతి ఆమె అతనికి చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యాలి, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వెంకటేశు మాత్రం అప్పటి నుంచి ఆమె ముఖం చూసి మాట్లాడడు. మాట్లాడితే ఆమె పక్కన ఉన్న స్తంభంతోనో గొడ్డుతోనో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

అద్దాల వెనక తెల్ల బట్టల మనిషి ఒకరు అటూ ఇటూ నడిచారు. ఆడో మగో తెలియదు, తల నుంచి కాళ్ల దాకా మూసుకుని ఉన్నారు. నిన్న పొద్దున ఊళ్లోకి అట్లాంటివాళ్లే వచ్చారు, రెండు జీపుల్లో. పుల్లన్నను ఆసుపత్రిలో చేర్చి, పుంజు తర్వాత తానూ తల వాల్చి చచ్చిన పెట్టను పరీక్షకు పంపాక, మిగిలిన కోళ్లన్నింటినీ చంపి పూడ్చాలని పశువుల డిపార్టుమెంటు వాళ్లు వచ్చారు. తెల్లవారుతూనే రెండు జీపులు, దిగినవాళ్ల మూతులకు గుడ్డలు, చేతుల్లో సంచులు. అవతలి పార్టీవాళ్లు మీద పడ్డారనుకోవడానికి ఇంకేం కావాలి? "వచ్చినారప్పో!" అని ఎవరో ఒక్క కేక వేశారు. ఆడవాళ్లు పిల్లలను రెక్క పట్టి లోపలికి లాగి గడియలు వేశారు. మగవాళ్లు మిద్దెలెక్కారు. ఎవడో ఏ కాలంలోదో ఒక నాటుబాంబు విసిరాడు, అది నిమ్ముకు చెడిపోయి ఉన్నందువల్ల పేడకుప్పలో పడి ఊరుకుంది. పశువుల డాక్టరు మందు కొట్టే పంపును అక్కడే పారేసి పరుగో పరుగు. మధ్యాహ్నం పోలీసులను వెంటేసుకుని మళ్లీ వచ్చారు. కోళ్లకు పోలీసు బందోబస్తు! గుంత తీశారు, సున్నం పోశారు, గంపలు కాల్చారు. ఇంకో పొద్దయితే రామేశ్వరమ్మ కూడా నవ్వేదే. పొగ లేస్తుంటే, కలమల్ల థర్మల్ కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల పొగ ఎటు పోతోందో ఇదీ అటే పోతోంది అనుకుంది, అంతకుమించి ఏమీ అనుకోలేకపోయింది.

ఖమర్‌బీ గ్లాసుతో నీళ్లు తెచ్చి బెంచీ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. "తాగక్కా. గుడ్డ కిందికి గుంజి తాగు, మళ్లా ఎక్కించు."

"మా ఇంటాయనకు ఎట్లుందంట?"

"గాలి పెట్టినారు. మాట్లాడల్యా. సూస్తాండారు" అని, కొంచెం ఆగి, ఏదైనా మంచి మాట చెప్పాలనుకుందేమో, గొంతు తగ్గించి చెప్పింది. "మందు పెట్టెలు పెట్టెలు దిగిండాది అక్కా. ఇంగో వార్డు కూడా ఖాళీ చేసి మంచాలు ఏసినారు, ఎవురన్నా వస్తే పెట్టల్ల అని. జరం రాంగానే ఆ మాత్రలు ఏస్తే శానామంది లేస్తారంట. లేటయితేనే..." అద్దాల తలుపు వైపు చూసి మాట మింగేసి, బకెట్టు ఎత్తుకుని పోయింది.

లేటయితేనే. రామేశ్వరమ్మ తాగబోతున్న గ్లాసును బెంచీ మీద పెట్టేసింది. పుల్లన్నకు లేటయింది. మామూలు జ్వరమని జమ్మలమడుగులో సూదులు వేయించుకుంటూ తిరిగారు. ఓబులమ్మకు? సంతనాడు మొదలైన జ్వరం. డాక్టరమ్మ పొద్దున చెప్పింది కదా, పులివెందుల పక్కా జమ్మలమడుగు పక్కా అన్ని ఊళ్లకూ జీపులు పోతాయని, ముందు ఎటు పోవాలో తేలక ఆగి ఉన్నామని, ఆ కోళ్ల ఊరు తెలిస్తే ముందు అక్కడికే పోతామని. ఊళ్లన్నీ తిరుగుతూ ఎప్పటికో బోడిగుట్టపల్లె చేరితే అప్పటికి ఆ ఊడిన పళ్ల నవ్వు ఉంటుందా? వదినె కూడా ఆ చచ్చిన కోళ్లను చేతులతోనే ఎత్తిపోసి ఉంటుంది. అన్న ఇంట్లో ఫోను లేదు. ఆ ఊళ్లో ఫోనున్నది వాళ్ల పెద్దాయన ఇంట్లో, దానికి ఈ ఊరి నుంచి ఎవరు చేస్తారు!

బెంచీ ఆ కొసన వెంకటేశు ఫోను మోగింది. పొద్దుటి నుంచి అది మోగుతూనే ఉంది. "ఆఁ... ఇంగా తేల్లేదప్పా. డాక్టరమ్మ రావల్ల... ఎవురు పంపినారనేది తేలనీ ముందు... సంతలో మనకోసరమే పెట్టి అమ్మినారంటావా? ఏమో, చెప్పలేం... పెద్దాయనకు చెప్పు, తేలినాంక సూస్తామని. మనోళ్లను ఊర్లోనే ఉండమను." ఫోను మూసి, ఎదురుగా గోడతో అన్నాడు, "ఊరికే పోనీము. తమ్మునికి ఏమన్నా అయ్యిందా, ఊరికే పోనీము." తమ్ముడంటే ఆయనకు ప్రాణం, అందులో అబద్ధం లేదు. ఆ ప్రాణంతోనే ఆమెకు భయం.

ఆమెకు అంతా విప్పి పరిచినట్టు కనిపించింది. సర్పంచి ఎలచ్చన్లు దగ్గరికొచ్చాయి. ఊరు సల్లబడి ఏండ్లయింది, పెద్దాయనకు ఒక కారణం కావాలి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాడు ఎప్పుడూ ఉంటాడు. బోడిగుట్టపల్లె చిన్నసుబ్బయ్య ఇంటి కోళ్లు అని ఒక్క మాట బయటపడితే, అవి పాలుకిచ్చిన కోళ్లని ఎవడూ అనడు. అవతలి పార్టీ మందుపెట్టి పంపిన కోళ్లంటారు. ఈ మాపే అన్న వాకిట్లో బాంబు పడుతుంది. చెప్పకుండా ఊరుకుంటే పాప. ఇటు పెడితే అన్న, అటు పెడితే అన్న కూతురు, ఎటు చూసినా పుట్టినిల్లే. సంతలో అని బావ చెప్పనే చెప్పాడు, ఆ మాట అట్లాగే ఉండనిస్తే చాలు, నోరు మూసుకోవడం కష్టమా, ఇన్నేండ్లు మూసుకుంది. గుడ్డ కూడా కట్టారు నోటికి. పుల్లన్న లేచి ఉంటే ఏం చెప్పేవాడు? అతను ఏమీ చెప్పడు, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుంటాడు. ఆ ఆలోచన వచ్చి, పోకుండా అక్కడే నిలబడింది. కుంటిదాన్ని ఎనక ఇడిసిపెట్టగాకు. ఎండ పలక ఆమె బొటనవేలు మీదికి వచ్చింది, వెచ్చగా ఉంది. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. కండ్ల కింద గుడ్డ గీత పడింది. "గుర్తొచ్చిందా అమ్మా?"

"చెప్తిమి గదా మేడమ్, సంతలో కొన్న్యామని" అన్నాడు వెంకటేశు.

"సంతలో ఎవరి దగ్గర?"

రామేశ్వరమ్మ లేచి నిలబడింది. బావ ముందర లేచి మాట్లాడడం ఇదే మొదలు. "రాసుకోండి మేడమ్. మొదటి కేసు నేను."

"మీకు జ్వరం లేదు కదమ్మా?"

"జరం గాదు. కోళ్లను తెచ్చింది నేను. ఎవురూ పంపల్యా, ఎవురూ ఇయ్యల్యా. మా అన్న ఇంటికాడ గంపకింద ఉన్నెటివి, వాళ్లకు చెప్పకుండా నేనే ఎత్తకొచ్చినా. ఈ కేసు నా మీదనే రాసుకోండి." గొంతు తనది కానట్టు నింపాదిగా ఉంది. "పులివెందుల పక్క బోడిగుట్టపల్లె. మా అన్న చిన్నసుబ్బయ్య. మా వదినె పెద్దసుబ్బమ్మ. వాళ్లకు ఒగ ఆడబిడ్డ, ఓబులమ్మ. ఆరేండ్లు. ఆ పుంజును ఒళ్లో పెట్టుకుని తిరిగేది. సంతనాటి నుంచి జరం. ముందు ఆ బిడ్డ కాడికి పోండి మేడమ్, మీ కాళ్లు మొక్కుతా."

అన్న పేరు అత్తింటి మనుషుల ముందర ఆమె నోట వచ్చి ఎన్నేండ్లయిందో. డాక్టరమ్మ రాస్తూనే లోపలికి ఎవరికో కేకేసింది, పులివెందులకు ఫోను కలపమని, పిల్లలకిచ్చే మందు పెట్టుకోమని. మళ్లీ ఇటు తిరిగి, "ఇంకొక్కటి. ఆ పుంజును ఎవరెవరు పట్టుకున్నారు?" అన్నది.

ఎవరెవరు పట్టుకున్నారు. మిరపకాయల ఘాటు ఎక్కడి నుంచో ముక్కుకు తగిలింది. ఆమె తల తిప్పి బావ వైపు చూసింది. ఆయనా చూశాడు, స్తంభాన్ని కాదు, ఆమెనే.

"కోసింది మా ఇంటాయన" అన్నది రామేశ్వరమ్మ. "కాళ్లు పట్టుకున్నది మా బావ. నేను సూసినా."

నేను సూసినా. ఆ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ అనని మాట. అది వినడానికి చాలా మామూలుగా ఉంది. వెంకటేశు ముఖంలో నెత్తురు దిగిపోయింది. ఆమె ఏ కాళ్ల సంగతి చెబుతోందో ఆయనకు తెలిసింది, తెలిసిందని ఆమెకూ తెలిసింది. డాక్టరమ్మకు మాత్రం కోడి ఒక్కటే తెలుసు. "మీరు పట్టుకున్నారా? ముందే చెప్పొద్దా!" అని ఆయన్ను కసిరి, ఇద్దరికీ మాత్రలు ఇప్పించి, పది దినాలు ఆ పక్క వార్డు దాటి ఎక్కడికీ కదలకూడదని, ఊళ్లో నుంచి ఎవరూ రాకూడదని గట్టిగా చెప్పి, గబగబా పోయింది. కింద జీపు బయలుదేరిన శబ్దం వినిపించింది.

ఇద్దరే మిగిలారు. ఎత్తకొచ్చినానని ఆమె అన్నది ఆయన నమ్మలేదు, నమ్మేంత అమాయకుడు కాడు. ఆ ఊళ్లోకి ఆమె పోలేదని ఆయనకు తెలుసు. కేసు మీదేసుకున్న గొంతు ఎట్లా ఉంటుందో ఆయన ఇంతకుముందొకసారి కోర్టులో, తమ్ముడు బోనులో నిలబడినప్పుడు విన్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వేళ్లు చాపి, ఆ చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది. ఇప్పుడు ఆమెకు భయం వేసింది.

ఫోను మోగింది. వెంకటేశు దాన్ని చూస్తూ ఉన్నాడు. ఆగిపోయి మళ్లీ మోగింది. ఎత్తాడు.

"ఊఁ... తేలిందప్పా. సంతలో కొన్న కోళ్లే." అవతలి గొంతు ఏదో గట్టిగా అడుగుతోంది. వెంకటేశు అద్దాల తలుపు వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఎవురికాడనా?" అన్నాడు. "నేను ఆడ లేనప్పా. నాకేం తెల్దు."